ఇంట్లో దాచుకునే డీవీడీ: ఏ డిస్క్ కొనాలి, ఎలా రైట్ చేస్తే పదికాలాలు నిలుస్తుంది

"పెళ్ళి క్యాసెట్‌కి తెల్ల బూజు పట్టేసింది, మొత్తం పోకముందే డీవీడీ చేయించి పెట్టుకోవాలి" అనే మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించడం ఒక పని. దాన్ని డిస్క్ మీదికి రైట్ చేయడం ఇంకో పని. ఈ రెండో పనిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. షాపుకెళ్ళి బ్లాంక్ డీవీడీ అడుగుతారు, షాపతను ఏదో ఒకటి చేతిలో పెడతాడు, ఆ రాత్రే రైట్ చేసేస్తారు. టీవీలో బ్రహ్మాండంగా ఆడుతుంది. ఆరేడేళ్ళ తర్వాత అదే డిస్క్ పెడితే ప్లేయర్ కాసేపు తిరిగి 'నో డిస్క్' అంటుంది. దాంతో డీవీడీలంటేనే నమ్మకం పోతుంది.

నిజానికి జాగ్రత్తగా రైట్ చేసిన డీవీడీ ఇరవై ఏళ్ళు నిలవడం వింతేమీ కాదు. తేడా అంతా నాలుగు విషయాల్లో ఉంది: ఏ రకం డిస్క్, ఎంత వేగంతో రాశాం, రాశాక సరిచూశామా లేదా, ఎక్కడ దాచాం. నా సలహా ముందే చెప్పేస్తాను. ఒకే లేయర్ (పొర) ఉన్న డీవీడీ ప్లస్ ఆర్ (డబ్బా మీద DVD+R అని ఉంటుంది), మంచి కంపెనీది, 8ఎక్స్ వేగం, వెరిఫై తప్పనిసరి, రెండు కాపీలు. ఎందుకో కింద వివరంగా చెప్తాను. కొన్ని సందర్భాల్లో ఈ సలహా మారుతుంది, అవి కూడా.

డీవీడీకి సరిపోయే సామాను ఏది

డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో పెడితే 4.38 అని చూపిస్తుంది. ఇందులో మోసం లేదు. కంపెనీవాళ్ళ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ మాత్రం 1024 లెక్కన కొలుస్తుంది. ఎలా కొలిచినా ఈ రోజుల్లో అది చిన్న చోటే. ఫోన్‌లో 4కేలో తీసిన వీడియో అయితే సెట్టింగ్‌ను బట్టి పావుగంట నుంచి అరగంట లోపే డిస్క్ నిండిపోతుంది. కాబట్టి ఇప్పటి పెళ్ళిళ్ళకు డ్రోన్‌తో, మూడు నాలుగు కెమెరాలతో తీసిన మొత్తం ఫుటేజీని డీవీడీల్లో పెట్టాలని చూడకండి. దానికి రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకదాన్ని ఇంకొకరి ఇంట్లో ఉంచడమే సరైన పని.

డీవీడీకి చక్కగా అతికేవి వేరే ఉన్నాయి. వీహెచ్ఎస్ నుంచి ఎక్కించిన పాత వీడియోలు, స్కాన్ చేసిన ఫొటోలు, అమ్మమ్మ గొంతు రికార్డు చేసిన ఆడియో ఫైళ్ళు, ఇంటి దస్తావేజుల స్కాన్లు. వీటి సైజు చిన్నది, విలువ పెద్దది, ఒకసారి రాశాక మళ్ళీ మార్చే అవసరం ఉండదు. పెన్‌డ్రైవ్‌తో పోలిస్తే డీవీడీకి ఉన్న అసలు బలం అక్కడే ఉంది. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడకుండా పక్కన పడేస్తే అది మెల్లగా జారిపోవచ్చు. పైగా పిల్లలు పొరపాటున డిలీట్ నొక్కినా, వైరస్ వచ్చి ఫైళ్ళన్నిటికీ తాళం వేసినా అంతే సంగతులు. ఒకసారి రాసి మూసేసిన డీవీడీని ఏ వైరసూ చెరపలేదు. హార్డ్ డిస్క్‌లో చోటు బోలెడు, కానీ చేయి జారి కింద పడితే మొత్తం ఒకేసారి పోతుంది. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి అనుకోకుండా, ముఖ్యమైనవాటికి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, డీవీడీలో ఒక కాపీ ఉంచమంటాను.

డిస్క్ లోపల ఏముంది

ఇది కొంచెం తెలుసుకుంటే మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి. డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అది ఒక్క పలక కాదు, 0.6 మిల్లీమీటర్ల రెండు పాలీకార్బొనేట్ పలకలను జిగురుతో అతికిస్తారు. బొబ్బట్టులో పూర్ణంలా డేటా పొర ఆ రెండింటి మధ్య ఉంటుంది. సీడీలో అలా కాదు, డేటా పొర పైన లేబుల్ వైపు పల్చటి పూత కిందే ఉంటుంది. అందుకే సీడీకి పైవైపు గీత పడితే ప్రమాదం. డీవీడీకి పైగీతల భయం తక్కువ, అంచుల భయం ఎక్కువ. అంచు దగ్గర జిగురు సరిగ్గా అతుక్కోకపోతే గాలి, తేమ లోపలికి పాకుతాయి.

ఆ డేటా పొరలో ఒక రసాయన రంగు ఉంటుంది, దాన్ని డై అంటారు. దాని వెనక అద్దంలా వెలుగును తిప్పికొట్టే లోహపు పొర ఉంటుంది. రైట్ చేసేటప్పుడు 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ ఆ డైని చుక్క చుక్కగా కాలుస్తుంది. చదివేటప్పుడు కాలిన చోటుకీ కాలని చోటుకీ మధ్య తేడానే ప్లేయర్ పట్టుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ డై వెలిసిపోవచ్చు, లోహపు పొర మాసిపోవచ్చు. డీవీడీ ఎన్నాళ్ళు ఉంటుందన్నది ఈ రెండింటి మీదా, జిగురు మీదా ఆధారపడి ఉంటుంది. ముద్ర వేసినట్టు అచ్చొత్తే సినిమా డీవీడీలో డై ఉండదు. కాబట్టి షాపులో కొన్న సినిమా డిస్క్ అనుభవంతో మనం రైట్ చేసిన డిస్క్‌ను అంచనా వేయలేం.

మైనస్ ఆర్, ప్లస్ ఆర్, ఆర్‌డబ్ల్యూ, డబుల్ లేయర్

డీవీడీ మైనస్ ఆర్ 1997లో పయొనీర్ తెచ్చింది. ప్లస్ ఆర్ 2002లో సోనీ, ఫిలిప్స్ వంటి కంపెనీలు కలిసి తెచ్చాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఇప్పుడు దొరికే రైటర్లన్నీ రెండింటినీ రాస్తాయి. మరి ఏది కొనాలి?

పాత వస్తువుల పరిరక్షణ మీద పనిచేసే కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ రకాల వారీగా ఆయుష్షు అంచనాలు ఇచ్చింది. అందులో వెండి మిశ్రమ పొర ఉన్న మామూలు డీవీడీ ప్లస్ ఆర్‌కు 20 నుంచి 50 ఏళ్ళు, అదే రకం మైనస్ ఆర్‌కు 10 నుంచి 20 ఏళ్ళు. బంగారు పొర ఉన్న మైనస్ ఆర్‌కు 50 నుంచి 100 ఏళ్ళు. డబుల్ లేయర్ ప్లస్ ఆర్‌కు, చెరిపి రాసే డీవీడీ మైనస్ ఆర్‌డబ్ల్యూకు 5 నుంచి 10 ఏళ్ళే. ఇవన్నీ మంచి వాతావరణంలో దాచితే అన్న లెక్క. మన ఎండల్లో, తేమలో తక్కువ అంకెనే నమ్మాలి.

కాబట్టి దాచుకోవడానికి ప్లస్ ఆర్. దానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. చాలా పాత ప్లేయర్లు రైట్ చేసిన డిస్క్ అని తెలియగానే మొరాయిస్తాయి. ప్లస్ ఆర్‌కు 'బుక్ టైప్' అనే గుర్తును రాసేటప్పుడే 'డీవీడీ-రోమ్' (DVD-ROM) అని మార్చవచ్చు. అప్పుడు ప్లేయర్ దాన్ని కొన్న సినిమా డిస్క్ అనుకుని చదివేస్తుంది. అన్ని రైటర్లలో ఈ వీలు ఉండదు, ఉన్నవాటిలో ఇమ్గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్ ఆ మార్పు చేస్తుంది. ఊళ్ళో తాతగారింట్లో ఉన్న 2003 నాటి ప్లేయర్‌కి మైనస్ ఆర్ ఆడి ప్లస్ ఆర్ ఆడట్లేదంటే, దానికోసం మటుకు మైనస్ ఆర్‌లో ఒక కాపీ చేసివ్వండి. దాచుకునే కాపీ వేరే ఉండనివ్వండి.

ఆర్‌డబ్ల్యూ డిస్కులను వెయ్యిసార్ల దాకా చెరిపి రాయవచ్చని చెప్తారు. మెనూ సరిగ్గా వచ్చిందా, టీవీలో రంగులు ఎలా ఉన్నాయి అని ట్రయల్ వేసుకోవడానికి ఒకటి దగ్గర ఉంచుకుంటే మంచిది. దాచడానికి వద్దు.

డబుల్ లేయర్ మీద మనసు పడేవాళ్ళు ఎక్కువ. 8.5 జీబీ, మూడు గంటల పెళ్ళి మొత్తం ఒకే డిస్క్‌లో. కానీ లేజర్ మొదటి పొరను దాటుకుని రెండో పొర మీద రాయాలి, చదివేటప్పుడూ అంతే. రెండు పొరలు మారే చోట ప్లేయర్ ఒక క్షణం ఆగుతుంది, కొన్ని అక్కడే ఇరుక్కుపోతాయి. ధర చూసినా రెండు సింగిల్ డిస్కుల కంటే ఎక్కువే. ఈ-180 క్యాసెట్ అంటే మూడు గంటలు. దాన్ని ఒక సింగిల్ డిస్క్‌లోకి కుక్కితే సెకనుకు సుమారు 3.5 మెగాబిట్లే దక్కుతాయి. అంటే తలంబ్రాలు పోసే చోట బొమ్మ అంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. స్నాతకం నుంచి తాళి కట్టేదాకా ఒక డిస్క్, అప్పగింతలూ రిసెప్షనూ ఇంకో డిస్క్ అని విడదీస్తే గంటన్నరకు ఆరున్నర మెగాబిట్ల దాకా ఇవ్వవచ్చు. వీహెచ్ఎస్ బొమ్మకు అది ధారాళం.

కంపెనీ పేరు, దాని వెనక అసలు తయారీదారు

డబ్బా మీద పేరు ఒకటి, తయారుచేసేవాళ్ళు ఇంకొకరు కావడం ఈ వ్యాపారంలో మామూలే. ఒకప్పుడు డిస్కుల మీద ప్రేమ ఉన్నవాళ్ళు జపాన్ కంపెనీ తాయో యుదెన్ సరుకు కోసం వెతికేవారు. ఆ కంపెనీ 2015తో డిస్కుల తయారీ మానేసింది. మన దేశంలో ఏ షాపులో చూసినా కనిపించిన మోజర్ బేర్ నోయిడా కంపెనీ, అప్పుల్లో మునిగి 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళింది. వెర్బాటిమ్ ఇప్పటికీ దొరుకుతుంది. జపాన్ మిత్సుబిషి కెమికల్ చేతిలో ఉన్న ఆ వ్యాపారాన్ని 2019లో తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్ కొనేసింది.

నేనైతే వెర్బాటిమ్‌లో 'ఏజో' అని రాసి ఉన్నదే తీసుకుంటాను. ఏజో రకం డై వెలుతురును బాగా తట్టుకుంటుంది. అదే పేరుతో 'లైఫ్' అని ఇంకో రకం అమ్ముతారు, అందులో ఆ డై ఉంటుందన్న హామీ లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, మీ ఊళ్ళో కంప్యూటర్ షాపులో అయినా, ఆన్‌లైన్‌లో అయినా ఈ ఒక్క మాట చూసుకుని కొనండి.

కొన్నాక తయారీదారు ఎవరో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బ్లాంక్ డిస్క్ పెట్టి ఇమ్గ్‌బర్న్ తెరిస్తే కుడివైపు పెట్టెలో 'డిస్క్ ఐడీ' అని ఒక వరుస కనిపిస్తుంది. వెర్బాటిమ్ 16ఎక్స్ ప్లస్ ఆర్‌కు ఏజో రకంలో 'ఎంసీసీ 004' అని వస్తుంది. తాయో యుదెన్ అయితే 'యుదెన్000' అని మొదలవుతుంది. సీఎంసీ, రైటెక్ పేర్లు నేరుగానే ఉంటాయి. ఈ కోడ్‌ను చూసే రైటర్ లేజర్‌ను ఎంత శక్తితో, ఏ తీరున కాల్చాలో నిర్ణయించుకుంటుంది. కోడ్ తెలియని అనామక డిస్క్ అయితే అది ఉజ్జాయింపుగా కాలుస్తుంది. చవక డిస్కుల్లో ఒకటి బాగా, ఒకటి చెత్తగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఒక జాగ్రత్త. అమ్ముడుపోక మూల పడున్న పాత స్టాక్ తక్కువకు వస్తోందని కొనకండి. రాయని డిస్క్‌కు కూడా వయసు ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన సంరక్షణ మార్గదర్శి ఖాళీ డిస్కుల ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్ళు అని అంచనా వేసింది. రాసిన డిస్క్ కంటే ఖాళీ డిస్కే త్వరగా పాడవుతుంది.

కొత్త డిస్క్‌ను చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైట్ కింద కాస్త వంచి అంచు చుట్టూ చూడండి. జిగురు అంచు దాకా సమానంగా ఉండాలి. ఎక్కడైనా బుడగలా, తెల్లటి జాలులా కనిపిస్తే దాన్ని ట్రయల్‌కి వాడుకోండి. రాశాక మళ్ళీ చూస్తే మధ్య నుంచి బయటికి కొంచెం వేరే ఛాయలో ఒక వలయం ఉంటుంది. డేటా ఎంతవరకు వెళ్ళిందో ఆ వలయం అక్కడిదాకా వస్తుంది.

బంగారు డిస్కు, ఎమ్-డిస్క్, బ్లూరే

బంగారం తుప్పు పట్టదు, అందుకే ఆర్కైవ్‌ల కోసం బంగారు పొర ఉన్న డిస్కులు చేశారు. దొరికితే నిస్సందేహంగా మంచివే. కానీ మన దగ్గర దొరకడం గగనం, దిగుమతి చేసుకుంటే ధర మోత మోగుతుంది. ఒక బంగారు డిస్క్ ఖరీదుతో మంచి ఏజో డిస్కులు చాలా వస్తాయి. మూడు కాపీలు తీసి మూడు ఇళ్ళలో ఉంచడం, ఒకే బంగారు డిస్క్‌ను బీరువాలో పెట్టడం కంటే భద్రం.

ఎమ్-డిస్క్‌ది వేరే దారి. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన మిలెనియాటా కంపెనీ డై అన్నదే లేకుండా రాయిలాంటి అకర్బన పొరను పెట్టింది. వెయ్యేళ్ళు ఉంటుందని ప్రకటించింది. వెయ్యేళ్ళ మాట ఎవరూ చూసి చెప్పలేరు గానీ, డై వెలిసిపోయే సమస్య దీనికి లేదన్నది నిజం. దీన్ని రాయాలంటే రైటర్ మీద ఎమ్-డిస్క్ గుర్తు ఉండాలి, ఎందుకంటే లేజర్ ఎక్కువ శక్తితో కాల్చాలి. చదవడానికి మామూలు డీవీడీ డ్రైవ్ చాలు. మిలెనియాటా 2016లో దివాలా తీసింది. డీవీడీ సైజులో ఎమ్-డిస్క్ ఇప్పుడు అరుదు, ఎక్కువగా బ్లూరే సైజులోనే కనిపిస్తుంది.

బ్లూరే రైటర్ ఇప్పటికే ఉన్నవాళ్ళకు 25 జీబీ బీడీ-ఆర్ (ఒకసారి రాసుకునే బ్లూరే డిస్క్) మంచి ఎంపికే. కొనేటప్పుడు హెచ్‌టీఎల్ రకం తీసుకోండి, అందులో పొర అకర్బనం. ఎల్‌టీహెచ్ రకం చవక, కానీ దాంట్లో మళ్ళీ డైయే. బ్లూరే డేటా పొర ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటర్ లోతులో ఉంటుంది, గట్టి పూతే దాన్ని కాపాడుతుంది. ఆయుష్షు విషయంలో నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. పైన చెప్పిన కెనడా సంస్థ మామూలు బీడీ-ఆర్‌కు 5 నుంచి 10 ఏళ్ళే ఇచ్చింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. కొత్తగా బ్లూరే రైటర్ కొని ఈ దారిలోకి దిగమని నేను చెప్పను. ఇంట్లో అమ్మానాన్నా టీవీలో పెట్టి చూసుకోవాలంటే దీనివల్ల ప్రయోజనమూ లేదు.

రైటర్ ఎలాంటిది

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంటే అందులో పట్టే పెద్ద రైటర్ కొనండి. యూఎస్‌బీ సన్న రైటర్ల కంటే అది నిలకడగా రాస్తుంది. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నవాళ్ళకు సన్న రైటర్ తప్పదు. అప్పుడు దాన్ని ల్యాప్‌టాప్ పోర్టులోకే నేరుగా పెట్టండి. కరెంటు అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్‌లో పెడితే లేజర్ పూర్తి శక్తి అందుకునే సమయానికి కరెంటు చాలక డిస్క్ మధ్యలో పాడవుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి.

వేగం మీద ఒక అపోహ

నెమ్మదిగా రాస్తే బాగా వస్తుందని అందరూ అనుకుంటారు, ఒక మేరకు నిజమే. కానీ అతి నెమ్మది మంచిది కాదు. ఇప్పటి 16ఎక్స్ డిస్కుల డైని వేగంగా కాల్చడానికే తయారుచేశారు. 2ఎక్స్‌లో రాయాలంటే రైటర్‌కూ ఆ డిస్క్‌కూ పొత్తు కుదరదు. 16ఎక్స్ పెడితే అంచు దగ్గరికి వచ్చేసరికి డిస్క్ ఊగి తప్పులు పెరుగుతాయి. 8ఎక్స్ మధ్యే మార్గం. డిస్క్ నిండా ఉన్నా ఎనిమిది నిమిషాల అటూ ఇటూలో పని అయిపోతుంది. సన్న రైటర్లు ఎలాగూ 8ఎక్స్ దాటవు, వాటిలో 6ఎక్స్ గానీ 4ఎక్స్ గానీ పెట్టి చూడవచ్చు.

అంచు దాకా నింపకండి. తప్పులు మొదట పుట్టేది అక్కడే, వేలిముద్రలు పడేదీ అక్కడే. రెండు మూడు వందల ఎంబీ వదిలేయండి.

విండోస్‌లో నేరుగా రాసేవాళ్ళకు ఒక మాట. డిస్క్ పెట్టగానే 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా' వాడతారా, 'సీడీ/డీవీడీ ప్లేయర్‌తో' వాడతారా అని అడుగుతుంది. రెండోదే ఎంచుకోండి. మొదటిది అప్పుడప్పుడు ఫైళ్ళు కలుపుకుంటూ పోవడానికి, అలా రాసిన డిస్కులు వేరే చోట తెరుచుకోక టెన్షన్ పెడతాయి. అన్నీ ఒకేసారి రాసి డిస్క్‌ను ఫైనలైజ్ చేయడమే, అంటే ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా మూసేయడమే మంచి పద్ధతి.

వీడియో డిస్కా, డేటా డిస్కా

ఇక్కడ చాలామంది ఒకటే చేసి ఊరుకుంటారు. రెండూ చేయమంటాను. టీవీ ప్లేయర్‌లో ఆడే డీవీడీ వీడియో ఒకటి, దాన్ని డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. క్యాసెట్ నుంచి ఎక్కించిన అసలు ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు రాసే డేటా డిస్క్ ఇంకొకటి. వీడియో డిస్క్ కోసం డీవీడీ ప్లేయర్లు చదివే ఎంపెగ్-2 రూపంలోకి మార్చినప్పుడు బొమ్మ నాణ్యత కొంత పోతుంది, రేపు ఇంకో రూపంలోకి మార్చాలంటే అసలు ఫైలే కావాలి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్ళు ఇంకోటి గమనించాలి. మన వీడియో పాల్ పద్ధతి, 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ మాత్రమే ఆడతాయి. మన ఇళ్ళలోని ప్లేయర్లు మాత్రం ఎక్కువగా రెండూ ఆడతాయి. రీజియన్ కోడ్ గురించి దిగులు పడక్కర్లేదు. మన దేశానిది 5, అమెరికాది 1, కానీ ఇంట్లో రాసిన డిస్క్‌కు ఆ అడ్డే ఉండదు. వాళ్ళు కంప్యూటర్‌లో చూసేటట్టయితే ఏ పద్ధతైనా ఒకటే.

సరిచూసుకోవడం

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే దీన్ని గుర్తు పెట్టుకోండి. ఇమ్గ్‌బర్న్‌లో 'వెరిఫై' గడిలో టిక్ తీయకండి. రాయడం అయ్యాక డిస్క్‌ను మొదటి నుంచి చదివి, కంప్యూటర్‌లో ఉన్నదానితో బైటు బైటు పోల్చి చూస్తుంది. సమయం రెట్టింపు పడుతుంది, పట్టనివ్వండి. అది అయ్యాక డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ప్లేయర్‌లో పెట్టి చివరి భాగాన్ని చూడండి. రాసిన డ్రైవ్ తన రాత తాను ఎలాగైనా చదువుకుంటుంది, పరాయి డ్రైవ్ చదివితేనే రాత బాగున్నట్టు.

ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్ళకు నీరో డిస్క్‌స్పీడ్, ఆప్టి డ్రైవ్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. లైట్-ఆన్ వంటి కొన్ని డ్రైవ్‌లు తప్పుల లెక్క చెప్పగలవు. పీఐ తప్పులు, అంటే డ్రైవ్ చదువుతూనే దిద్దుకునే చిన్న తప్పులు, ఎనిమిది బ్లాకులకు కలిపి 280 లోపు ఉండాలన్నది ప్రమాణం. మంచి రాత అయితే దానికి చాలా తక్కువలోనే ఉంటాయి. గ్రాఫ్ చివర్లో ఒక్కసారిగా పైకి లేస్తే ఆ డిస్క్ ఈ రోజు ఆడుతున్నా దాన్ని నమ్మకండి, ఇంకొకటి రాయండి.

అంచున వదిలేసిన ఆ రెండు మూడు వందల ఎంబీ కాక ఇంకా చోటు మిగిలితే దాన్నీ వాడుకోవచ్చు. డీవీడిజాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాయబోయే ఇమేజ్‌కు (డిస్క్ మొత్తం నకలు ఉన్న ఒకే ఫైలుకు) అదనపు మరమ్మత్తు సమాచారాన్ని జోడిస్తుంది. తర్వాత ఎప్పుడైనా డిస్క్ మీది కొన్ని సెక్టార్లను (డేటా ముక్కలను) డ్రైవ్ చదవలేకపోతే దానితో తిరిగి కట్టుకోవచ్చు. ఎంత చోటు ఇస్తే అంత బలం. డేటా డిస్కుల విషయంలో ఫైళ్ళతో పాటు వాటి చెక్‌సమ్‌ల (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే గుర్తు సంఖ్యల) జాబితా కూడా ఒక టెక్స్ట్ ఫైల్‌గా పెడితే, పదేళ్ళ తర్వాత ఏ ఫైలు చెడిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

మన వాతావరణంలో దాచడం

నిస్ట్ మార్గదర్శి ప్రకారం 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. కాకినాడలోనో, బందరులోనో, విశాఖలోనో తేమ 70 శాతం దాటడం రోజువారీ మాట. రామగుండం, రెంటచింతల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ అంకెలు మనకు దొరకవు. దొరికినంతలో చల్లటి, పొడి చోటు వెతుక్కోవడమే. స్లాబ్ కింద అటక మీద పెట్టకండి, వేసవిలో అది కొలిమి. బయటి గోడకు ఆనించిన బీరువా కంటే ఇంటి నడిమి గదిలో కింది అర మేలు. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి పెట్టి, వానాకాలం ముందు ఆ పొట్లాలు మార్చండి. బట్టల మధ్య కలరా ఉండలు వేసిన అరలో మాత్రం వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్ కేసులను మెత్తబరుస్తుంది.

ఒక్కో డిస్క్‌కు ఒక్కో గట్టి కేసు, పుస్తకాల్లా నిలువుగా. జిప్ ఉన్న పర్సుల్లాంటి ఆల్బమ్‌లలో ప్లాస్టిక్ డిస్క్‌కు అంటుకుంటుంది, వంగుతుంది కూడా. స్టూడియోలు వధూవరుల ఫొటో స్టిక్కర్ అంటించి ఇస్తుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, వేడికీ తేమకూ కాగితం ముడుచుకుని డిస్క్‌ను వంచుతుంది, తిరిగేటప్పుడు తూకం తప్పిస్తుంది. అంటించాక పీకితే ఇంకా ప్రమాదం. ఫొటో కావాలంటే కేసు మీద పెట్టండి. డిస్క్ మీద సీడీ మార్కర్‌తో నడిమి వలయంలో తేదీ, పేరు రాస్తే చాలు.

దుమ్ము పడితే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంబడే పడి, ఒకే చోట వరసగా చాలా డేటా పోతుంది. అడ్డంగా పడ్డ చిన్న గీతను డిస్క్‌లోని దిద్దుబాటు పద్ధతి తట్టుకుంటుంది.

రెండు కాపీల్లో రెండోదాన్ని వేరే కంపెనీ డిస్క్ మీద రాసి వేరే ఇంట్లో ఉంచండి. ఒక బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ ఒకేసారి పోకుండా ఉంటుంది. రెండేళ్ళకోసారి పెట్టి మొత్తం చదివించండి. పదేళ్ళు దాటినవాటిని బాగా ఆడుతున్నా కొత్త డిస్క్ మీదికి మార్చండి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత డిస్కులు

కొత్తవి రాయడానికి ముందే ఈ పని చేయండి. 2000ల తర్వాత స్టూడియోలు ఇచ్చిన పెళ్ళి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం డిస్కులన్నీ బయటికి తీయండి. స్టిక్కర్ ఉన్నవి, రంగు మారినట్టున్నవి ముందు. ఇమ్గ్‌బర్న్‌లో 'రీడ్' మోడ్‌తో ఒక్కోదాన్ని ఐఎస్ఓ ఫైల్‌గా హార్డ్ డిస్క్‌లోకి తీసుకోండి. మధ్యలో ఆగితే డిస్క్ తుడిచి, వేగం తగ్గించి మళ్ళీ చదివించండి. అయినా మొండికేస్తే విండోస్‌లో ఐసోబస్టర్, లినక్స్‌లో డీడీరెస్క్యూ ఉన్నాయి.

డీడీరెస్క్యూ చదవగలిగిన సెక్టార్లను తీసుకుని, చదవలేనివాటిని ఒక మ్యాప్ ఫైల్‌లో గుర్తు పెట్టుకుంటుంది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం సర్వసాధారణం. అందుకే ఆ మ్యాప్ ఫైల్‌ను చెరపకుండా ఉంచి, డిస్క్‌ను తెలిసినవాళ్ళింట్లోని ఇంకో డ్రైవ్‌లో పెట్టి అదే కమాండ్ మళ్ళీ ఇవ్వండి. మిగిలిపోయిన సెక్టార్ల దగ్గరికే అది నేరుగా వెళ్తుంది. ఇలా రెండు మూడు డ్రైవ్‌లు మారేసరికి చాలా డిస్కుల్లో ఖాళీలు పూడిపోతాయి. పూడని చోట ఒకటి రెండు క్షణాలు బొమ్మ చెదిరినా, మిగతా పెళ్ళంతా చేతికొస్తుంది.